ఉద్దానం ఉద్యమాలు, తొలి తెలుగు సినిమా: నాయకుడి రూపం ఎవరు కట్టారు?

శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, మందస, సోంపేట, ఇచ్చాపురం ప్రాంతాల్లో, అంటే ఉద్దానంలోనూ దాని చుట్టూనూ, ఇరవయ్యో శతాబ్దంలో రెండు పెద్ద ఉద్యమాలు నడిచాయి. మొదటిది 1930లలో ఊపందుకుని 1940లో నెత్తురు చూసిన జమీందారీ వ్యతిరేక రైతు ఉద్యమం. రెండోది 1967-70 మధ్య సాగిన శ్రీకాకుళ సాయుధ పోరాటం. మొదటి ఉద్యమం, తెలుగు టాకీ దాదాపు ఒకే కాలంలో ఎదిగాయి. రెండోది నడిచే నాటికి సినిమా తెలుగు పల్లెల్లో అందరికీ తెలిసిన వినోదం. అయినా ఈ ఉద్యమాల నాయకుల రూపాన్ని జనం మనసులో నిలిపింది కెమెరా కాదు. పాదయాత్ర, సభ, బుర్రకథ, జముకుల కథ ఆ పని చేశాయి. సినిమా ఒకసారి ముందుగా వచ్చి దూరంగా నిలబడింది, మరోసారి చాలా ఆలస్యంగా వచ్చింది. ఆ ఎడం ఎలా ఏర్పడిందో, దానివల్ల ఉద్దానానికి దక్కినదేమిటో, దక్కనిదేమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఒప్పందం రాసుకున్న విప్లవకారుడు

విప్లవ నాయకుడు తానే కెమెరా ముందుకు వచ్చి తన రూపాన్ని దిద్దుకోవాలని చూసిన తొలి ప్రసిద్ధ ఉదంతం మెక్సికోలో జరిగింది. ఉద్దానంలో జరిగినది తేటపడాలంటే దాన్ని పక్కన పెట్టి చూడాలి.

ఉత్తర సేనకు అధిపతి అయిన పాంచో విల్లా 1914 జనవరి మొదటి వారంలో అమెరికాకు చెందిన మ్యూచువల్ ఫిల్మ్ కార్పొరేషన్‌తో ఒప్పందం చేసుకున్నాడు. తన యుద్ధాలను ఆ కంపెనీ మనుషులే చిత్రీకరించాలి, వచ్చిన ఆదాయంలో తనకు వాటా ఇవ్వాలి. ఆ వాటా అయిదో వంతు అని చరిత్రకారులు చెబుతారు. అప్పట్లో పాతికవేల డాలర్ల మాట కూడా పత్రికల్లో వినిపించింది. వెలుతురు బాగున్నప్పుడే యుద్ధం చేస్తానని, కెమెరాకు సరిగా అందకపోతే మళ్లీ చేసి చూపిస్తానని విల్లా రాసిచ్చాడన్న కథ ఈనాటికీ ప్రచారంలో ఉంది. తర్వాత దొరికిన ఒప్పంద పత్రంలో అలాంటి షరతు లేదు. అయినా ఆ కథ చావలేదు, ఎందుకంటే అది విల్లా గురించి అమెరికా ప్రేక్షకుడు నమ్మదలచుకున్న దానికి సరిగ్గా సరిపోయింది.

ఆ నెలలోనే ఒహినాగా యుద్ధాన్ని చిత్రీకరించారు. విల్లా సైనిక రైళ్లలో కెమెరా మనుషులు ప్రయాణించారు. సినిమా కోసం కంపెనీ అతనికి కొత్త యూనిఫాం కూడా సమకూర్చింది. యుద్ధ దృశ్యాలకు కల్పిత కథ జోడించి అదే ఏడాది మే నెలలో ‘ది లైఫ్ ఆఫ్ జనరల్ విల్లా’ విడుదల చేశారు. యువకుడైన విల్లాగా రావుల్ వాల్ష్ నటించాడు, పెద్దయ్యాక విల్లాగా విల్లాయే కనిపించాడు. అన్యాయానికి ఎదురు తిరిగిన పేదింటి బిడ్డగా, ధీరుడైన సేనానిగా అతని రూపం న్యూయార్క్ దాకా వెళ్లింది. విల్లాకు అమెరికా తుపాకులు కావాలి, అమెరికా సానుభూతి కావాలి. సినిమా రెండో దాన్ని కొంతకాలం తెచ్చిపెట్టింది.

1916 మార్చి 9న విల్లా మనుషులు అమెరికా సరిహద్దు పట్టణం కొలంబస్‌పై దాడి చేశారు. నిన్నటి వీరుడు రాత్రికి రాత్రి బందిపోటయ్యాడు. అమెరికా తెర మీద కూడా అంతే. ఒప్పందం మీద సంతకం అతనిదే అయినా, రీళ్లు కంపెనీవి, థియేటర్లు కంపెనీవి, ప్రేక్షకులు పొరుగు దేశం వాళ్లు. 1914 నాటి చిత్రం ఇప్పుడు పూర్తిగా దొరకదు.

ఈ కథకు ఒక కొసరు ఉంది, ఉద్దానానికి పనికొచ్చేది అదే. సరిహద్దు ఊళ్లలో తిరుగుతూ సినిమాలు చూపించిన పదియా కుటుంబం, విల్లాను తిట్టిన అమెరికా చిత్రాల ముక్కలతో సహా దొరికినవన్నీ కత్తిరించి, అతికించి, మధ్యలో తమ సొంత దృశ్యాలు చేర్చి ‘విల్లా ప్రతీకారం’ అన్న పేరుతో కొత్త చిత్రం తయారు చేసుకుంది. అందులో విల్లా మళ్లీ వీరుడు. దర్శకుడు గ్రెగోరియో రోచా ఆ రీళ్లను వెలికితీసి 2003లో డాక్యుమెంటరీ తీశాడు. నాయకుడు డబ్బు మాట్లాడుకుని కట్టించుకున్న రూపం కూలిపోయింది. ఊరూరా తిరిగేవాళ్లు తమ జనం కోసం కట్టుకున్న రూపం బతికింది.

టాకీ వచ్చిన కాలంలో ఉద్దానం

విల్లా తెరకెక్కిన రోజుల్లో తెలుగు నేల మీద సినిమా అంటే రఘుపతి వెంకయ్య లాంటివారు ఊరూరా తిప్పి చూపించిన బొమ్మలే. తెలుగులో మాట్లాడే తొలి చిత్రం ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. తర్వాత అయిదారేళ్లు తెర నిండా పురాణాలే. రాజకీయం మాట్లాడటానికి సినిమాకు భయం ఉండేది, ఆ భయానికి కారణమూ ఉండేది. 1921లో వచ్చిన ‘భక్త విదుర’ మూకీలో విదురుడు గాంధీని తలపించాడని మద్రాసులో, కరాచీలో నిషేధించారు. పురాణ పాత్రకే ఆ గతి పట్టిన చోట, బతికున్న రైతు నాయకుణ్ని ఎవరు తెర మీదికి ఎక్కిస్తారు?

ఉద్దానానికి దగ్గరలో స్టూడియో లేకపోలేదు. విశాఖపట్నంలో ఆంధ్రా సినీటోన్ వెలిసి 1938లో ‘భక్త జయదేవ’ తీసింది. అది భక్తి కథ. పలాస, మందస రైతు తన కష్టాన్ని తెర మీద చూసుకునే వీలు అక్కడ దొరకలేదు.

ఆ కష్టం చిన్నది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం జిల్లా రెండుగా చీలింది. ఇచ్చాపురం, సోంపేట, టెక్కలి వైపు తెలుగు ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో కలిసింది. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో. కొబ్బరి, పనస, జీడి తోటలతో సముద్రం ఒడ్డున పచ్చగా కనిపించే ఈ నేల మీద శిస్తు వసూలు చేసేది జమీందారు. పక్కనున్న కొండ అడవి కూడా జమీందారుదే. నాగలికి కర్ర కావాలన్నా, పొయ్యిలోకి పుల్ల కావాలన్నా, పశువు మేయాలన్నా అతని మనుషులను దాటి వెళ్లాలి.

1937లో మద్రాసులో రాజాజీ నాయకత్వాన కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చింది. రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన జమీందారీ విచారణ సంఘం ఏర్పడింది. ఆ కాలంలోనే రైతు రక్షణ యాత్ర ఇచ్చాపురంలో బయలుదేరి, జమీందారీ గ్రామాల గుండా నడుస్తూ 1938లో మద్రాసు చేరింది. చలసాని వాసుదేవరావు ఆ నడక నాయకుల్లో ఒకరు. ఒక ఊరి రైతు కష్టం మరో ఊరికి తెలిసింది ఈ నడక వల్లే. జెండా పట్టుకుని కాలినడకన ఊళ్లోకి వచ్చిన మనిషే అప్పటి జనానికి నాయకుడి బొమ్మ. అతను ఎదురుగా నిలబడి ఉండగా తెర మీద బొమ్మతో ఎవరికి పని?

‘రైతుబిడ్డ’

అయినా తెర కదిలింది. కాంగ్రెస్ మంత్రివర్గం ఉన్న రెండేళ్లలో సెన్సారు పట్టు కొంత సడలింది. ఆ సందులోంచి గూడవల్లి రామబ్రహ్మం రెండు చిత్రాలు తెచ్చారు. 1938లో ‘మాలపిల్ల’, 1939 ఆగస్టులో ‘రైతుబిడ్డ’. ఆయన సినిమాకు రాకముందు ‘ప్రజామిత్ర’ పత్రిక నడిపిన సంపాదకుడు. జనంలో నలుగుతున్న విషయం ఏదో, దాన్ని ఎంత ఘాటుగా చెప్పవచ్చో తెలిసినవారు. తెలుగు సినిమా చరిత్రలో నిజమైన ధైర్యం చూపిన మొదటి దర్శకుడు ఆయనే.

‘రైతుబిడ్డ’లో నాయకుడు నర్సిరెడ్డి. సన్నకారు రైతు, అప్పులో ఉన్నవాడు. ఎన్నికల్లో జమీందారు పక్షాన్ని కాదని రైతుల అభ్యర్థి వైపు నిలబడతాడు, దానికి ఫలితం అనుభవిస్తాడు. 1937 ఎన్నికల్లో జస్టిస్ పార్టీ జమీందార్లు ఓడిపోయిన జ్ఞాపకం అప్పటికి పచ్చిగా ఉంది. కాబట్టి ఈ కథ ఎవరి గురించో చెప్పాల్సిన పని లేకపోయింది. నర్సిరెడ్డిగా బళ్లారి రాఘవ నటించారు. ఆయన నాటకరంగంలో దిగ్గజం, వృత్తిరీత్యా న్యాయవాది. పౌరాణిక, చారిత్రక పాత్రల్లో జనం చూసిన ఆ నటుడు ఇక్కడ అప్పులపాలైన రైతు. ఈ ఎంపికలోనే రామబ్రహ్మం ఉద్దేశం తెలిసిపోతుంది. అంతవరకు రాజులకూ దేవుళ్లకూ కేటాయించిన నటనా గౌరవాన్ని ఆయన రైతుకు ఇచ్చారు.

మిగతా తారాగణంలోనూ సంగతి ఉంది. టంగుటూరి సూర్యకుమారి, పి. సూరిబాబు, ఎస్. వరలక్ష్మి, కొసరాజు రాఘవయ్య చౌదరి ఉన్నారు. గిడుగు వెంకట సీతాపతి కూడా నటించారు. ఆయన వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి కుమారుడు. ఆ తండ్రీకొడుకుల కర్మక్షేత్రం పర్లాకిమిడి, అంటే టెక్కలికి ఎగువన, అప్పట్లో నౌపడా నుంచి చిన్న రైలు వెళ్లిన ఊరు. ‘రైతుబిడ్డ’కు ఉత్తరాంధ్రతో ముఖాముఖి బంధం ఏదైనా ఉందంటే అది సీతాపతి ఒక్కరే. మాటలు త్రిపురనేని గోపీచంద్ రాశారు. రైతు నోట గ్రాంథికం పలికించకపోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఈ చిత్రం తీసిన సారథి ఫిలిమ్స్ వెనుక డబ్బు పెట్టింది చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్. జమీందారీని ఎండగట్టిన సినిమాకు పెట్టుబడి జమీందారుదే. చాలామంది దీన్ని వింతగా చెప్పి వదిలేస్తారు. అక్కడితో వదిలేస్తే అసలు విషయం పోతుంది. ఆ రోజుల్లో టాకీకి కావలసిన డబ్బు ఉన్నది జమీందార్ల దగ్గర, పెద్ద వర్తకుల దగ్గర. రైతు సంఘం చందాలు పోగుచేస్తే సభ జరుగుతుంది, పత్రిక నడుస్తుంది, టాకీ పుట్టదు. అందువల్ల రైతు ఉద్యమం తెర మీదికి ఎక్కినప్పుడు తన చేతులతో ఎక్కలేదు. విల్లాకు కనీసం ఒప్పందం మీద సంతకం పెట్టే హక్కు ఉంది. ‘రైతుబిడ్డ’లో రైతు నాయకుడు కల్పిత పాత్ర. నిజంగా ఇచ్చాపురం నుంచి నడిచినవాళ్ల ముఖాలకు, పేర్లకు అందులో చోటు లేదు.

అయినా పెద్ద జమీందార్లకు అంతమాత్రమే సహించరానిదైంది. కొన్ని చోట్ల ప్రదర్శనకు అడ్డుపడ్డారు, నిషేధాల దాకా వెళ్లింది. చిత్రం విడుదలైన కొన్ని రోజులకే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. అక్టోబరు ఆఖరుకు రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. సెన్సారు సందు మూసుకుంది. రామబ్రహ్మం తర్వాతి చిత్రాల్లో ఇంటి సమస్యలు, స్త్రీల సమస్యలు వచ్చాయి గానీ జమీందారీని నేరుగా ఢీకొన్న రెండో చిత్రం ఆయన నుంచి రాలేదు. 1946లో చనిపోయారు.

1940: పలాస, గుడారి రాజమణిపురం

సినిమా వెనక్కి తగ్గిన చోట ఉద్యమం ముందుకు నడిచింది. 1940 మార్చి చివర్లో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు పలాసలో జరిగాయి. అధ్యక్షుడిగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయన్‌ను అప్పటికే అరెస్టు చేశారు. దేశం నలుమూలల నుంచి ప్రతినిధులు ఒక చిన్న రైల్వే ఊరికి వచ్చి దిగారంటే అక్కడి రైతుకు కలిగిన ధైర్యం ఊహించుకోవచ్చు.

ఈ నేల నుంచి ఎదిగిన నాయకుల్లో ప్రముఖుడు గౌతు లచ్చన్న. సోంపేట దగ్గరి బారువలో 1909లో పుట్టారు. గీత కార్మికుల కుటుంబం నుంచి వచ్చి, ఎన్.జి. రంగా అనుచరుడిగా రైతు ఉద్యమంలో నిలబడి, జనం చేత సర్దార్ అనిపించుకున్నారు. ఆ బిరుదును ఆయనకు తెచ్చిపెట్టిన పోస్టరు గానీ తెర గానీ లేదు. సభలో గొంతు, జైలు శిక్షలు, ఊళ్లో ఎదురుపడితే పేరు పెట్టి పలకరించే అలవాటు నాయకుణ్ని తయారుచేసిన కాలం అది. 1967లో శ్రీకాకుళం లోక్‌సభ స్థానం ఉప ఎన్నికలో గుంటూరు జిల్లావాడైన రంగా గెలిచారంటే, దాని వెనుక లచ్చన్నకు ఇక్కడున్న పట్టు ఉంది.

మహాసభ ముగిసిన కొద్ది రోజులకే, 1940 ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్పులు జరిపారు. గొడవ అడవి కర్ర దగ్గర మొదలైంది. రైతులు జమీందారు అడవిలోంచి కర్ర తెచ్చుకున్నారు, వాళ్లను పట్టుకుపోవడానికి పోలీసులు వచ్చారు, ఊరు అడ్డం తిరిగింది. ముందు వరసలో నిలబడిన సాసుమాన గున్నమ్మ తూటాలకు బలైంది. అప్పుడామె గర్భిణి. ఆమెతోపాటు మరో నలుగురు ప్రాణాలు కోల్పోయారు. ఉద్దానంలో వీర గున్నమ్మ అన్న పేరు తెలియని ఇల్లు ఉండదు. ఆమె ఉపన్యాసం చెప్పలేదు, సంఘానికి అధ్యక్షురాలు కాదు, కెమెరా ముందు ఒక్క క్షణం నిలబడలేదు. ఏటా ఏప్రిల్ 1న ఆ ఊరు ఆమెను తలుచుకుంటుంది. ‘రైతుబిడ్డ’ విడుదలై అప్పటికి ఏడు నెలలు. ఆ సినిమాలో నర్సిరెడ్డి చేసిన దానికన్నా పెద్ద పని ఒక పల్లెటూరి ఆడమనిషి చేసింది. తెలుగు తెర ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆమె వైపు చూడలేదన్నది మన సినిమా మీద ఉండవలసిన గట్టి ఫిర్యాదు.

గున్నమ్మ ప్రాణమిచ్చిన ఎనిమిదేళ్లకు, 1948లో, జమీందారీ రద్దు చట్టం వచ్చింది.

జముకు

కమ్యూనిస్టులు 1940లలో బుర్రకథను రాజకీయ కళగా మలిచారు. 1943లో ప్రజానాట్యమండలి ఏర్పడింది. షేక్ నాజర్ బుర్రకథను దాని శిఖరానికి తీసుకెళ్లారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మాభూమి’ నాటకం 1947లో ఊళ్లకు ఊళ్లను కదిలించింది, ప్రభుత్వం నిషేధించింది. మండలి మీద నిర్బంధం పెరిగాక అందులోని కళాకారులు చాలామంది సినిమాకు చేరారు. డాక్టర్ గరికపాటి రాజారావు 1953లో తీసిన ‘పుట్టిల్లు’ ఆ వలసకు గుర్తు. జమున తొలి చిత్రం అది. నటులు, గాయకులు తెరకు వెళ్లారు గానీ తమ రాజకీయాన్ని పూర్తిగా వెంట తీసుకెళ్లలేకపోయారు. టిక్కెట్టు కొన్నవాడు, పెట్టుబడి పెట్టినవాడు, సెన్సారు చేసేవాడు, ముగ్గురూ ఒప్పుకోవాలి కదా.

ఉద్దానంలో మాత్రం మరో వాద్యం ఉంది. జముకు ఉత్తరాంధ్ర సొత్తు. ఒక పక్క తోలు మూసిన డోలు లాంటి గుల్ల, తోలు నడుమ నుంచి బిగించిన తంతి. కళాకారుడు గుల్లను చంక కింద ఇరికించుకుని, ఒక చేత్తో తంతిని లాగి పట్టి, రెండో చేత్తో మీటుతాడు. తంతి బిగిస్తే నాదం పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. కథ చెప్పేవాడి గొంతుకు అది వంత పలుకుతున్నట్టే ఉంటుంది. గ్రామదేవతల కథలు, పెద్దల కథలు రాత్రంతా చెప్పడానికి ఈ కళను వాడేవారు. కరెంటు అక్కర్లేదు, టిక్కెట్టు అక్కర్లేదు, సెన్సారు సర్టిఫికెట్టు అక్కర్లేదు. ఇద్దరు ముగ్గురు మనుషులు, ఒక చెట్టు కింద జాగా చాలు.

ఈ కళను విప్లవానికి వాడినవాడు సుబ్బారావు పాణిగ్రాహి. పలాస దగ్గరి బొడ్డపాడులో గుడి పూజారిగా ఉన్నాడు. ఒడియా ఇంటిపేరు, తెలుగు కవిత్వం, శివుడి గుడి, ఎర్రజెండా, ఇవన్నీ ఒక్క మనిషిలో కలవడం ఉద్దానంలోనే సాధ్యం. ఇక్కడ ఇంట్లో ఒడియా, వీధిలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఊరూరా ఉన్నాయి. పాణిగ్రాహి పాటలు కట్టాడు, జముకుల కథ రాసి బృందంతో ఊళ్లు తిరిగాడు. అప్పు, వెట్టి, షావుకారి మోసం, గిరిజనుడి భూమి అతని వస్తువులు. చదువురాని రైతుకు కరపత్రం చదివి వినిపించాలి, జముకుల కథ అయితే అతనే కూర్చుని వింటాడు, మర్నాడు తానే పాడుకుంటాడు. అందుకే పాణిగ్రాహి పేరు ఏ కెమెరా సాయం లేకుండా తోటల్లో, వీధుల్లో వ్యాపించింది.

విల్లా కెమెరాను ఎంచుకోవడానికి, పాణిగ్రాహి జముకును ఎంచుకోవడానికి ఒకే అవసరం కారణం. ఇద్దరికీ తమ పోరాటాన్ని ఎదుటివాడి కళ్లకు కట్టాలి. విల్లా మెప్పించవలసింది సరిహద్దు అవతలి దేశాన్ని. పాణిగ్రాహి మెప్పించవలసింది పక్క ఊరిని. అతను పక్క ఊరికి అబద్ధం చెప్పలేడు, వాళ్లకు అతను పొద్దున్నే గుడిలో కనిపించే మనిషి.

ముఖం దాచుకున్న నాయకులు

1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర, మొండెంఖల్ సభకు వెళుతున్న గిరిజనుల మీద భూస్వాముల మనుషులు కాల్పులు జరపగా కోరన్న, మంగన్న చనిపోయారు. అక్కడి నుంచి గిరిజన ఉద్యమం సాయుధ పోరాటంగా మారింది. ఏజెన్సీలో దాన్ని నడిపింది ఇద్దరు బడి పంతుళ్లు, వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం. మైదానంలో, ఉద్దానంలో బొడ్డపాడు కేంద్రమైంది. పంచాది కృష్ణమూర్తి, తామాడ గణపతి ఆ ఊరివాళ్లే. 1968 నవంబరులో గరుడభద్రలో పంట గొడవ ఉద్దానం పోరాటానికి మొదటి మలుపు.

అజ్ఞాతంలోకి వెళ్లిన నాయకుడికి, కెమెరాకు పొత్తు కుదరదు. విల్లా ఫొటో దిగితే అతని సేన పెరుగుతుంది. సత్యనారాయణ ఫొటో దొరికితే అది పోలీసు స్టేషను గోడ మీదికి వెళుతుంది. అందువల్ల ఈ నాయకుల రూపం మాట మీదే నడిచింది. సత్యనారాయణను గిరిజనులు గప్ప గురువు అని పిలిచారు. ఆయన సవర భాష నేర్చి, వాళ్లలో కలిసిపోయి బతికిన తీరు మనిషి నుంచి మనిషికి కథగా పాకింది.

పోరాటం ఎక్కువ కాలం నిలవలేదు. పంచాది కృష్ణమూర్తి 1969 మేలో, పాణిగ్రాహి, కృష్ణమూర్తి భార్య పంచాది నిర్మల అదే ఏడాది డిసెంబరులో రంగమెటియా కొండల్లో పోలీసుల చేతిలో చనిపోయారు. సత్యనారాయణ, కైలాసం 1970 జూలై 10న చంపబడ్డారు. ఆ నెల 4నే హైదరాబాద్‌లో విప్లవ రచయితల సంఘం పుట్టింది. శ్రీకాకుళం కదిలించిన రచయితలే దాన్ని పెట్టారు. నాయకులు పోయాక వాళ్ల రూపాన్ని నిలబెట్టే బరువు కవులు, గాయకుల మీద పడింది.

తర్వాతి తెర

సినిమా చివరికి విప్లవకారుల వైపు తిరిగింది. మొదట చాలా కాలం కిందటి వీరుణ్ని ఎంచుకుంది. కృష్ణ నటించిన ‘అల్లూరి సీతారామరాజు’ 1974 మే 1న విడుదలైంది, రాజు చనిపోయిన యాభై ఏళ్లకు. అందులో శ్రీశ్రీ రాసిన పాటకు జాతీయ అవార్డు వచ్చింది. శ్రీకాకుళంలో నిన్నగాక మొన్న నెత్తురోడిన కొండలను వదిలి, బ్రిటిషు కాలపు మన్యం కొండలను చూపడం తెరకు క్షేమం. ఆ సినిమా గొప్పదే, ఆ ఎంపికలో జాగ్రత్త ఉందన్నదీ నిజమే.

గౌతమ్ ఘోష్, బి. నర్సింగరావుల ‘మాభూమి’ 1980లో తెలంగాణ సాయుధ పోరాటాన్ని తెరకెక్కించింది. బండి యాదగిరి పాటను గద్దర్ తానే తెర మీద కనిపించి పాడారు. గొంగడి భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని, కాళ్లు కదుపుతూ పాడిన ఆ రూపమే తర్వాత నాలుగు దశాబ్దాలు గద్దర్ అంటే గుర్తుకొచ్చే రూపమైంది. తెలుగునాట విప్లవోద్యమ మనిషి స్వయంగా కెమెరా ముందు నిలబడి తన ప్రజారూపాన్ని స్థిరపరచుకున్న ఉదాహరణ చూపమంటే ఇదే చూపాలి. విల్లాకు, గద్దర్‌కు తేడా ఒకటుంది. గద్దర్ ఆ వేషాన్ని, ఆ అడుగును జనం మధ్య తయారు చేసుకుని తెరకు తెచ్చారు. కంపెనీ కుట్టించి ఇవ్వలేదు.

ఉత్తరాంధ్ర గాయకుడు వంగపండు ప్రసాదరావు కథ మరోలా నడిచింది. పార్వతీపురం ప్రాంతంలో పుట్టి, విశాఖ షిప్‌యార్డులో పనిచేసి, గద్దర్‌తో కలిసి జననాట్యమండలిని నిలబెట్టినవారు. శ్రీకాకుళ పోరాటంలోకి కుర్రాణ్ని రమ్మని పిలిచే ఆయన పాట ఒకటి ఊరూరా మోగింది. 2009లో ‘మగధీర’ సినిమా ఆ పాట పల్లవిని తీసుకుని హుషారు పాటగా మార్చింది. కొండ పోయింది, పోరాటం పోయింది, పిలుపు ఒక్కటే మిగిలింది, అదీ సరదాకు. పాట కోట్లమందికి చేరింది నిజమే. వాళ్లలో ఎంతమందికి ఆ కుర్రాణ్ని ఎక్కడికి పిలుస్తున్నారో తెలుసు? మెక్సికో సరిహద్దు పదియా కుటుంబం అమెరికా రీళ్లను కత్తిరించి తమ వీరుణ్ని తిరిగి తెచ్చుకుంది. ఇక్కడ పెద్ద తెరే ఊరి పాటను కత్తిరించి వీరుణ్ని బయటికి పంపింది.

పలాస పేరే పెట్టుకున్న చిత్రం 2020 మార్చిలో వచ్చింది. కరుణ కుమార్ దర్శకత్వంలో వచ్చిన ‘పలాస 1978’ జానపద కళాకారుల కుటుంబంలో పుట్టిన ఇద్దరు దళిత అన్నదమ్ముల కథ. జీడిపప్పు వ్యాపారం, షావుకార్ల పెత్తనం, కులం అందులో బాహాటంగా కనిపిస్తాయి. ఉద్దానం యాస హాస్యానికి గాక, కథానాయకుడి కోపానికీ ప్రేమకూ వాడడం ఆ సినిమా సాధించిన పెద్ద విజయం. దశాబ్దాలుగా తెలుగు సినిమాలో శ్రీకాకుళం యాస మాట్లాడేవాడు పనివాడో, అమాయకుడో. రఘు కుంచె కట్టిన పాటలు ఇక్కడి వీధి భాగవతం, డప్పు, పల్లె పాటల నుంచి వచ్చాయి.

ఆ సినిమాలో తిరుగుబాటు చేసేది రాజకీయ నాయకత్వంలో పనిచేసే కార్యకర్త కాదు, అవమానం తట్టుకోలేక కత్తి పట్టిన కళాకారుడు. 1978 నాటికి పలాసలో ఉద్యమం అణగిపోయి, ముఠాలు, పెత్తందార్లు పైకి వచ్చిన స్థితిని అది చూపింది. ఆ స్థితికి ముందు అదే నేల మీద నడిచిన కిసాన్ సభ, గున్నమ్మ, బొడ్డపాడు కుర్రాళ్లు కథలో వెనక్కి వెళ్లిపోయారు. దర్శకుడి తప్పుగా దీన్ని చెప్పలేం, ఒక సినిమా అన్నీ మోయలేదు. అయితే ఆ వెనకటి కథ తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు. బొడ్డపాడులో అమరుల స్తూపం ఉంది, దాని మీద పేర్లున్నాయి. ఇప్పుడు ఫోనుతోనే సినిమా తీయగలిగిన ఉద్దానం కుర్రాళ్లకు రామబ్రహ్మం లాగా జమీందారు పెట్టుబడి కోసం ఎదురు చూడాల్సిన పని లేదు. మందస అడవి కర్ర కథ, పూజారి చేతిలో మోగిన జముకు కథ వాళ్లు తీయాలి, అదీ గున్నమ్మ ఊరివాళ్లు మాట్లాడే మాటలోనే తీయాలి.